ప్రెజర్ వాషర్ కొంటున్నారా? ముందు మిషన్ తిరగేసి అడుగున ఉన్న రేకు చదవండి

నాలుగేళ్ల కిందట దసరా ముందు మేడ మీద పాచి కడగాలని ఆన్‌లైన్ సేల్‌లో ఒక ప్రెజర్ వాషర్ కొన్నాను. అట్టపెట్టె మీద పెద్ద ఎర్ర అంకెల్లో 200 బార్ అని ఉంది, బార్ అంటే నీళ్ల ఒత్తిడికి కొలత. ధర ఆరువేల లోపే. ఇంకేం కావాలి అనుకున్నా. మేడ మీది ట్యాంకు కుళాయికి పైపు తగిలించి ట్రిగ్గర్ నొక్కితే ఒక్క క్షణం జెట్ వచ్చింది, మరుక్షణం సన్నటి ధార, మళ్లీ జెట్, మళ్లీ ధార. మోటారు మాత్రం మిక్సీలో ఎండుకొబ్బరి వేసినట్టు అరుస్తోంది. గంట తిప్పలు పడితే మెట్ల దగ్గర నాలుగు బండలు తెల్లబడ్డాయి.

ఖమ్మం దగ్గర వాటర్ సర్వీసింగ్ షెడ్డు నడిపే మా బావమరిదికి ఫోన్ చేశాను. "పెట్టె మీద రాసింది వదిలెయ్ బావా. మిషన్ తిరగేసి అడుగున రేకు మీద ఏముందో చదువు" అన్నాడు. తిరగేశాను. మోటారు 1500 వాట్లు, రేటెడ్ ప్రెజర్ 70 బార్, నీళ్లు నిమిషానికి 5 లీటర్లు. 200 అనే అంకె ఆ రేకు మీద ఎక్కడా లేదు.

ఆ తర్వాత మా ఇంటికి ఒకటి, తెలిసినవాళ్లకు మూడు, షెడ్డు కోసం రెండు మిషన్లు కొనడంలో పాలుపంచుకున్నాను. ఆ అనుభవంతో, ఏది ముందు చూడాలో ఏది తర్వాత చూడాలో వరుసగా చెబుతాను.

1. ఏం కడుగుతారో, నెలకెన్ని సార్లో ముందు తేల్చుకోండి

షాపుకెళ్తే "ఇది అన్నీ కడుగుతుంది సార్" అంటారు. కడుగుతుంది, నిజమే. ఎంతసేపు, ఎన్నాళ్లు అన్నదే ప్రశ్న.

కారు, రెండు బళ్లు, గేటు, కిటికీ గ్రిల్స్ మాత్రమే అయితే 80 నుంచి 100 బార్ అసలు ప్రెజర్, నిమిషానికి 5.5 నుంచి 6 లీటర్ల నీళ్లు చాలు. కారుకి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు, పెయింట్‌కి మంచిది కూడా కాదు. వానాకాలం పోయాక మేడ మీద నల్లగా పట్టే పాచి, పార్కింగ్ టైల్స్, సిమెంటు చప్టా కూడా కడగాలంటే 110–130 బార్, 6.5–7.5 లీటర్ల మిషన్ చూసుకోండి. ట్రాక్టర్ చక్రాలకు పట్టిన దుక్కి బురదది వేరే లెక్క. దానికి ప్రెజర్ కన్నా నీళ్ల పరిమాణం ముఖ్యం. బురదని నానబెట్టి తోసేది నీళ్లే. 6 లీటర్ల మిషన్‌తో ట్రాక్టర్ కడగడమంటే చెంబుతో చెరువు తోడినట్టే.

నెలకి రెండుసార్లు, అరగంట లోపు వాడేవాళ్లు ఇంటి మోడల్ దగ్గర ఆగిపోవచ్చు. వారానికి రెండు మూడు సార్లు, గంటకి పైగా వాడే అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు, ఫంక్షన్ హాళ్లు, స్కూళ్లు ఇంటి మోడల్ జోలికి పోవద్దు. ఆరు నెలలకే మోటారు కాలిపోతుంది. వారంటీ కాగితంలో "గృహ వినియోగానికి మాత్రమే" అని రాసి ఉంటుంది కాబట్టి అడగడానికి కూడా ఏమీ ఉండదు.

2. రేకు మీది లెక్క

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. దేనికైనా రెండు అంకెలుంటాయి. ఒకటి ప్రెజర్, బార్‌లలో రాస్తారు. కొందరు పీఎస్ఐలో రాస్తారు, అంకె పెద్దగా కనిపిస్తుందని. ఒక బార్ అంటే దాదాపు 14.5 పీఎస్ఐ. 1,500 పీఎస్ఐ అని చూసి అదిరిపోకండి, అది 103 బార్ మాత్రమే. రెండోది నీళ్ల ప్రవాహం, నిమిషానికి ఎన్ని లీటర్లని. గంటకి 360 లీటర్లని రాస్తే 60తో భాగించుకోండి, నిమిషానికి 6.

ఈ రెండూ గుణించి 600తో భాగిస్తే నీళ్లలోకి వెళ్లే శక్తి కిలోవాట్లలో వస్తుంది. 100 బార్, 6 లీటర్లు అనుకుందాం. 100 × 6 = 600, దాన్ని 600తో భాగిస్తే 1 కిలోవాట్. మోటారులో, పంపులో కొంత వేడిగా పోతుంది. అందుకని ఆ పని చేయడానికి సుమారు 1,500 వాట్ల మోటారు కావాలి. ఇది సరిపోయే లెక్క.

ఇప్పుడు ఒక ప్రకటన తీసుకోండి: 1,800 వాట్లు, 200 బార్, 8 లీటర్లు. 200 × 8 = 1,600. 600తో భాగిస్తే 2.67 కిలోవాట్లు. 1.8 కిలోవాట్ల కరెంటు తీసుకునే మోటారు 2.67 కిలోవాట్ల పని ఎలా చేస్తుంది? చేయదు. ప్రెజర్ అంకెని నీళ్లు దాదాపు ఆగిపోయినప్పుడు, నీళ్ల అంకెని నాజిల్ తీసేసినప్పుడు కొలిచి, రెండింటినీ పక్కపక్కన రాస్తారు. విడివిడిగా చూస్తే ఏ అంకెకీ అబద్ధమని పేరు పెట్టలేం. రెండూ ఒకేసారి రావు, అంతే.

అందుకే "మ్యాగ్జిమం" అన్న అంకెని పక్కన పెట్టి "రేటెడ్" లేదా "వర్కింగ్" ప్రెజర్ ఎంతో అడగండి. ఆన్‌లైన్‌లో కొంటుంటే కొన్నవాళ్లు పెట్టిన ఫొటోల్లో ఆ రేకు ఫొటో వెతకండి, తరచూ దొరుకుతుంది. రెండు మిషన్ల మధ్య తేల్చుకోలేకపోతే బార్‌ని, లీటర్లని గుణించి చూడండి. ఏది ఎక్కువొస్తే అది పని త్వరగా చేస్తుంది.

3. మీ ఇంటి నీళ్లు

నా మొదటి మిషన్ ఆగి ఆగి కొట్టడానికి కారణం దాని బలహీనత ఒక్కటే కాదు, నా తెలివితక్కువతనం కూడా ఉంది. ట్యాంకు మేడ మీద, కడిగేదీ మేడ మీదే. ట్యాంకులో నీటిమట్టం మిషన్ కంటే రెండు మీటర్లు కూడా ఎత్తులో లేదు. 10 మీటర్ల ఎత్తు నీళ్లకు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. రెండు మీటర్లకు 0.2 బార్. దానికి తోడు అర అంగుళం కుళాయి, పాత పైపు. పంపు అడిగినన్ని నీళ్లు అందక గాలి పీల్చింది, అందుకే జెట్ తెగుతూ వచ్చింది. అలా నడిపితే పంపులో నీళ్లు కారకుండా ఆపే సీళ్లు త్వరగా పాడవుతాయి.

కొనేముందు 10 లీటర్ల బకెట్ ఆ కుళాయి కింద పెట్టి సెల్‌ఫోన్‌లో టైమ్ చూడండి. నిమిషంలో నిండితే నిమిషానికి 10 లీటర్లు వస్తున్నట్టు. మిషన్ తాగే దానికన్నా కుళాయి కనీసం మూడోవంతు ఎక్కువ ఇవ్వాలి. 6 లీటర్ల మిషన్‌కి 8 లీటర్ల కుళాయి ఉండాలన్నమాట. బకెట్ నిండడానికి నిమిషంన్నర పట్టిందంటే ఆ కుళాయి పనికిరాదు.

పనికిరాకపోతే ఏం చేయాలి? సెల్ఫ్ ప్రైమింగ్ ఉన్న మిషన్, అంటే నీళ్లని తనంతట తానే పీల్చుకునే రకం, తీసుకుని డ్రమ్ములోంచి లాగించండి. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఊళ్లలో ఇది అవసరమే. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఇంటి మోడళ్లు దాదాపు అర మీటరు లోతు నుంచే నీళ్లు లాగగలవు. ఏడెనిమిది అడుగుల సంపులో పైపు వేసి "లాగడం లేదు" అని షాపువాడిని తిట్టినవాళ్లని చూశాను. సంపులోంచి డ్రమ్ములోకి మోటారుతో తోడి, డ్రమ్ముని మిషన్ పక్కనే పెట్టుకోండి. పీల్చే పైపుని ముందు నీళ్లతో నింపి తగిలిస్తే గాలి సమస్య ఉండదు. ఆ పైపు, చివర జల్లెడ కొన్ని కంపెనీలు మిషన్‌తో ఇస్తాయి, కొన్ని విడిగా అమ్ముతాయి. అడిగి తెలుసుకోండి.

బోరు నీళ్లయితే ఇంకో రెండు చిక్కులు. ఒకటి ఇసుక. నీళ్లు లోపలికి వెళ్లే చోట ఫిల్టర్ తప్పనిసరిగా ఉండాలి, పారదర్శకంగా ఉండే గిన్నె రకమైతే చెత్త కనబడుతుంది. రెండోది ఉప్పు. గీజర్‌లో తెల్లగా పేరుకునేదే పంపు వాల్వుల్లోనూ పేరుకుంటుంది. హైదరాబాద్‌లో అయితే పని అయిపోయాక ఒక నిమిషం మంజీరా నీళ్లు, అంటే మున్సిపల్ కుళాయి నీళ్లు, పోనిచ్చి ఆపడం మా ఇంట్లో అలవాటు. ఈ మిషన్ల మాన్యువళ్లు చలిదేశాలని దృష్టిలో పెట్టుకుని గడ్డకట్టే చలి గురించి రెండు పేజీలు రాస్తాయి, మన బోరు నీళ్ల గురించి రెండు ముక్కలు కూడా ఉండవు.

నీళ్లు వృథా కాదా అని మా అమ్మ అడిగింది. మామూలు పైపు నిమిషానికి 15–20 లీటర్లు వదులుతుంది, ఇది 6. ఇరవై నిమిషాల్లో కారుకి 120 లీటర్లు. పైపుతో పోలిస్తే తక్కువే, బకెట్, గుడ్డతో పోలిస్తే ఎక్కువే. బెంగళూరులో ఉండే మనవాళ్లకు ఒక మాట: 2024 మార్చిలో అక్కడి జలమండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. వేసవిలో ఇలాంటి ఆదేశాలు ఏ నగరంలోనైనా రావచ్చు.

4. కరెంటు

1,800 వాట్ల మిషన్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8 ఆంపియర్లు లాగుతుంది. గోడకుండే చిన్న సాకెట్ 6 ఆంపియర్లదే. గీజర్‌కో, ఏసీకో పెట్టే 16 ఆంపియర్ల పవర్ సాకెట్ కావాలి. పార్కింగ్‌లో అది లేకపోతే మిషన్ కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. బాక్సు ఎర్తింగ్‌తో పాటు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో కూడా చూపించుకోండి. తడి కాళ్లతో కరెంటు మిషన్ పట్టుకునే పని ఇది, ఇక్కడ పీనాసితనం వద్దు.

సీరియల్ లైట్లకు వాడే సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలిస్తే వైరు వేడెక్కుతుంది, చివర వోల్టేజి పడిపోతుంది, మోటారు మూలుగుతుంది. 10 మీటర్ల లోపు అయితే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, అంతకు మించితే 2.5. ప్లగ్ జాయింటు నేల మీద వదలకుండా ఎత్తున వేలాడదీయండి. ఇంటి ఇన్వర్టర్ మీద మాత్రం నడపకండి.

5. మోటారు, పంపు

ఇంటి మోడళ్లలో ఎక్కువగా ఉండేది కార్బన్ బ్రష్షుల మోటారు, మిక్సీలో ఉండే రకమే. తేలిక, చవక, మోత. ఇరవై నిమిషాలు నడిపి పది నిమిషాలు ఆపితే చాలాకాలం వస్తుంది. ఇండక్షన్ మోటారు బరువు, ధర ఎక్కువ, కానీ శబ్దం తక్కువ, ఆయుష్షు చాలా ఎక్కువ. ఎత్తి చూడండి: ఏడెనిమిది కిలోలుంటే బ్రష్షుల రకం, ఒంటిచేత్తో లేపలేకపోతే బహుశా ఇండక్షన్. పంపు హెడ్ ప్లాస్టిక్‌దా, అల్యూమినియందా, ఇత్తడిదా అని కూడా అడగండి. ఉప్పు నీళ్లకు ఇత్తడి తట్టుకున్నట్టు అల్యూమినియం తట్టుకోదు.

ధరలు సేల్‌ని బట్టి మారుతుంటాయి. సుమారుగా బ్రష్షుల మోటారు ఇంటి మోడళ్లు ఆరు నుంచి పన్నెండు వేలు, ఇండక్షన్ వాటికి పదిహేను వేల పైన, ఇత్తడి పంపు కమర్షియల్ రకాలకు ముప్ఫై వేల పైన అనుకోండి.

ట్రిగ్గర్ వదలగానే మోటారు దానంతటదే ఆగే ఏర్పాటు, అంటే ఆటో స్టాప్, లేని మిషన్ కొనకండి. అది లేకపోతే నీళ్లు పంపులోనే తిరిగి తిరిగి కాగిపోతాయి, సీళ్లు పోతాయి. ఫోన్ మాట్లాడుతూ మిషన్‌ని ఐదు నిమిషాలు అలా వదిలేస్తే చాలు.

6. నాజిల్స్, పైపు, గన్

రంగుల నాజిల్స్ వచ్చే మిషన్ అయితే ఎరుపు 0 డిగ్రీలు, పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40, నలుపు సబ్బు నీళ్లకు. డిగ్రీలు పెరిగేకొద్దీ జెట్ వెడల్పుగా విచ్చుకుంటుంది. కారుకి తెలుపే, అదీ అడుగున్నర దూరం నుంచి. పాచికి ఆకుపచ్చ. ఎర్ర నాజిల్ నేను ఇప్పటిదాకా సంచిలోంచి తీయలేదు. అది చెక్కని చీలుస్తుంది, టైరుని కోస్తుంది.

తాండూరు బండలు, షాబాద్ బండలు పరిచిన ఇళ్లలో జెట్‌ని బండ మీద తిప్పండి, సందుల్లోకి తిన్నగా కొట్టకండి. సిమెంటు పిండి లేచిపోతే వానాకాలం నీళ్లు కిందికి దిగుతాయి. సున్నం వేసిన గోడ, పెంకుల కప్పు, ఏసీ బయటి యూనిట్ రేకులు, సోలార్ ప్యానెళ్లు, వీటి జోలికి పోవద్దు. మా పక్కింటాయన కాంపౌండ్ వాల్ కడుగుతానని మొదలెట్టి సాయంత్రానికి పెయింటర్‌ని పిలిచాడు.

పార్కింగ్ టైల్స్ మామూలు నాజిల్‌తో కడిగితే ఆరాక చూడండి, జీబ్రా చారలు కనిపిస్తాయి. జెట్ వెళ్లిన దారి తెల్లగా, పక్కన బూడిద రంగుగా. అప్పుడు మళ్లీ మొదటినుంచి కడగాలి. ఎక్కువ నేల ఉన్నవాళ్లు గన్ చివర తగిలించి నేల మీద తిప్పే గుండ్రటి సర్ఫేస్ క్లీనర్ దొరికే కంపెనీ మిషన్ చూసుకోవడం మేలు. జెట్‌ని గిరగిరా తిప్పే టర్బో నాజిల్ సిమెంటు మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కారు మీద పెడితే కొంప ముంచుతుంది.

పైపు కనీసం 5 మీటర్లు, వీలైతే 8. మూడు మీటర్లదైతే కారు చుట్టూ మిషన్‌ని కుక్కపిల్లలా లాక్కుంటూ తిరగాలి. గన్, పైపు జాయింట్లు విడిగా దొరుకుతాయో లేదో, మీ జిల్లాలో సర్వీస్ సెంటర్ ఉందో లేదో కొనకముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఈ జాయింట్లకుండే ఎం22 మరలు ఒకటే కనిపించినా లోపలి పిన్ను 14, 15 మిల్లీమీటర్లని రెండు కొలతలుంటాయి. తేడా అయితే నీళ్లు కారుతూనే ఉంటాయి.

బళ్లు కడిగేటప్పుడు చక్రాల బేరింగులు, హ్యాండిల్ దగ్గర స్విచ్చులు, సైలెన్సర్ గొట్టం, ఎలక్ట్రిక్ బండి చార్జింగ్ పోర్టు, వీటికి సూటిగా కొట్టకండి.

ఇంకొకటి, ఇది సరదా మాట కాదు. జెట్ చర్మంలోకి దూరితే పైకి చీమ కుట్టినంత గాటే కనిపిస్తుంది, లోపల కండ దెబ్బతిని ఉంటుంది. వేలు పోయే ప్రమాదం ఉంది. నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి, ప్రెజర్ వాషర్ దెబ్బ అని చెప్పాలి. చెప్పులతో కాకుండా బూట్లతో, కళ్లద్దాలతో పని చేయండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

7. వ్యాపారానికైతే

వాటర్ సర్వీసింగ్ పెట్టాలనుకునేవాళ్లు ముందు ఇంటి మోడళ్లని మర్చిపోండి. బెల్టుతో తిరిగే మూడు పిస్టన్ల పంపు, విడి మోటారు, ఇదే షెడ్డుల్లో ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి. బెల్టు తెగితే మార్చుకోవచ్చు, సీళ్లు ఊళ్లోనే దొరుకుతాయి, మోటారు కాలితే ఊళ్లోనే వైండింగ్ చేయించుకోవచ్చు. పొలంలో మందు కొట్టే హెచ్‌టీపీ పంపులతో బైకులు కడిగేవాళ్లూ ఉన్నారు. వాటి ప్రెజర్ తక్కువ, నీళ్లు ఎక్కువ, బురదకి పనికొస్తాయి.

లెక్క అదే. 3 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు అంటే 2.2 కిలోవాట్లు, నష్టాలు పోను 1.8 అనుకుంటే 110 బార్ దగ్గర 10 లీటర్లు. బైకులకు, కార్లకు సరిపోతుంది. 150 బార్, 15 లీటర్లు కావాలంటే నీళ్లలోకే 3.75 కిలోవాట్లు వెళ్లాలి, అంటే 7.5 హెచ్‌పీ మోటారు, త్రీ ఫేజ్ కనెక్షన్. ఇంటి మీటరు మీద షెడ్డు నడపకండి, కమర్షియల్ కేటగిరీ తీసుకోండి. గ్రీజు, బురద కాలవలోకి పోకుండా రెండు గదుల తొట్టి కట్టించుకోండి.

హోటల్ వంటగది, గ్యారేజీ వాళ్లకి ఇంకో మాట. చన్నీళ్ల ప్రెజర్ ఎంత పెంచినా జిడ్డు చెదురుతుందే తప్ప వదలదు. డీజిల్ బర్నర్‌తో నీళ్లు వేడిచేసే మిషన్లున్నాయి, ధర చాలా ఎక్కువ. రోజూ జిడ్డు కడిగేవాళ్లకే అది గిట్టుబాటు. మిగతావాళ్లు జిడ్డు వదిలించే మందు, డీగ్రీజర్, చల్లి పది నిమిషాలు ఆగి కడగడం నయం. కరెంటు లేని చోటికి పెట్రోల్ మిషన్ మంచిదే కానీ సెల్లార్‌లో, మూసిన షెడ్డులో నడపకూడదు, పొగ ప్రాణం తీస్తుంది.

8. ఇంటికొచ్చిన రోజే పరీక్షించండి

వెనక్కి ఇచ్చే గడువు అయ్యేదాకా పెట్టె విప్పకుండా పండగ కోసం దాచిపెట్టేవాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు. వచ్చిన రోజే విప్పండి. ముందు నీళ్లు తిప్పి, స్విచ్ వేయకుండానే ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని గాలంతా పోనివ్వండి. ధార తెగకుండా వచ్చాక స్విచ్ వేయండి. అన్ని జాయింట్లూ వేలితో తడిమి చూడండి, స్విచ్ ఆపాకే సుమా. ట్రిగ్గర్ వదిలాక మోటారు ఆగుతోందో, ఆగాక దానంతటదే మళ్లీ మళ్లీ ఊఁ అంటోందో గమనించండి. అలా అంటుంటే ఎక్కడో లీకుందని అర్థం.

చివరికి ఒక 20 లీటర్ల వాటర్ క్యాన్ నిండా నీళ్లు పోసి, మిషన్‌ని అందులోంచి లాగించి, ట్రిగ్గర్ వదలకుండా క్యాన్ ఖాళీ కావడానికి ఎంత పడుతుందో ఫోన్‌లో చూడండి. రేకు మీద 5.5 లీటర్లని రాస్తే మూడున్నర నిమిషాలకి కాస్త అటూఇటూగా ఖాళీ కావాలి. నా పాత మిషన్‌కి ఆరు నిమిషాలు పట్టింది, కానీ నేను ఆ పరీక్ష చేసేసరికి గడువు దాటి రెండు వారాలయింది. మీది ఐదు నిమిషాలు దాటితే వీడియో తీసి, అదే రోజు రిటర్న్ పెట్టేయండి.